పక్కింటి మూడు నక్షత్రాల జనరల్

జనరల్ హోల్‌కూమ్ పోయాడని చెప్పడానికి ఆయన భార్య లొరేన్ ఫోన్ చేసినప్పుడు నేను పొయ్యి దగ్గర దోసెలు పోస్తున్నాను. ఆవిడ ఏడవలేదు. నిద్రలోనే పోయాడని, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా ఆయన చేసిన పని బహుశా ఇదొక్కటేనని అంది. తర్వాత ఊరి పేపర్లో వేయించబోయే ప్రకటన చదివి వినిపించి, ఏమైనా మరిచిపోయానా అని అడిగింది. ఆయన పుట్టిన ఊరు, చదివిన మిలిటరీ కాలేజీ, నడిపిన దళాలు, వెళ్ళిన యుద్ధాలు, ఛాతీ మీద చోటు చాలనన్ని పతకాలు అందులో వరసగా ఉన్నాయి. లెఫ్టినెంట్ జనరల్‌గా రిటైరయ్యాడని ఉంది. నాలుగో నక్షత్రం ఎందుకు రాలేదో మాత్రం లేదు. ఆ కథలో మా పెద్దమ్మ చేసిన గోంగూర పచ్చడి, మా పెదనాన్న నోటి దురుసు, నా డొక్కు కారు ఉన్నాయి గనక పేపరు వాళ్ళు వేసుకునేది కాదు. అంతా బాగుందని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఈలోపు పెనం మీద దోసె బొగ్గయిపోయింది.

మా పెదనాన్న గుంటూరులో మెడిసిన్ చదివి, నేను పుట్టకముందే అమెరికా వచ్చి, నార్త్ కరోలినాలో ఫాయెట్‌విల్ అనే ఊళ్ళో గుండె డాక్టరుగా స్థిరపడ్డాడు. అన్ని ఊళ్ళుండగా అక్కడికే ఎందుకు వెళ్ళారని ఎవరైనా అడిగితే, ఇక్కడి డాక్టర్లు వెళ్ళని చోటికే మాకు దారిచ్చారు, వాళ్ళెందుకు వెళ్ళలేదో వెళ్ళాక తెలిసింది అనేవాడు. ఊరిని ఆనుకుని పెద్ద సైనిక స్థావరం ఉండేది. మంగలి షాపులు, పచ్చబొట్లు వేసే షాపులు, తాకట్టు కొట్లు, చర్చీలు అన్నీ దాని మీదే బతికేవి. స్థావరంలో ఫిరంగుల ప్రాక్టీసు మొదలైతే మా కిటికీ అద్దాలు గడగడలాడేవి. పెద్దమ్మ అలమరలో ఊరగాయ జాడీలు ఒకదానికొకటి తగిలి మోగేవి. ఆవిడ అట్లకాడ చేత్తో పట్టుకుని "మొదలెట్టారు, మొదలెట్టారు" అనుకుంటూ జాడీల మధ్య పాత తువ్వాళ్ళు కుక్కేది. యుద్ధాన్ని గురించి నేను దగ్గర నుంచి చూసిన మొదటి జాగ్రత్త అదే.

నేను ఎం.ఎస్. చేయడానికి ఆ ఇంటికి వచ్చిన కొత్తలోనే న్యూయార్క్‌లో భవనాలు కూలాయి. దేశం సంగతేమో గాని, పెదనాన్న దినచర్య మాత్రం మారలేదు. తెల్లారకముందే లేచి, చికోరీ దట్టించిన కాఫీ డికాక్షన్ దించి, స్టీలు గ్లాసులో పోసుకుని, పేపర్లో వార్తలు పైకి చదువుతూ ప్రతి వార్తకీ తన తీర్పు చెప్పేవాడు. పెద్దమ్మ ఇంగువ పోపు వేయగానే పొగ అలారం కూసేది. పెదనాన్న తీర్పు మధ్యలో ఆపి, కుర్చీ ఎక్కి, అలారం కింద తువ్వాలు ఊపి, అది నోరు మూశాక దిగి, ఆపిన వాక్యం దగ్గర నుంచి మళ్ళీ అందుకునేవాడు. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంట్లో పొద్దున అంటే అదేనట. వీధిలో ప్రతి ఇంటి ముందూ జెండా వెలిసింది. పెదనాన్న అందరికంటే పెద్దది కొనుక్కొచ్చాడు. దేశభక్తా అని నేనడిగితే, మన మొహాలు చూసి ఎవడికి ఏ అనుమానం వస్తుందో తెలీదు, జెండా చూసైనా వెనక్కి పోతాడన్నాడు.

ఆ జెండా వల్లే పక్కింటాయన పరిచయమయ్యాడు. అప్పటికి ఆయనకి ఒక్క నక్షత్రమే. లొరేన్ పెళ్ళయినప్పటి నుంచీ మొగుడి వెంట ఊళ్ళు మారి మారి విసిగిపోయి, ఇక కర్టెన్లు విప్పేది లేదు, నీ సైన్యంతో నువ్వు తిరుగు అని చెప్పి ఆ ఇల్లు కొనిపించుకుంది. ఆయన ఎప్పుడో వచ్చేవాడు, వారం ఉండేవాడు, పోయేవాడు. ఆ రోజు కవాతుకి వెళ్తున్నట్టు నడుచుకుంటూ మా గుమ్మంలోకి వచ్చి, జెండా తిరగేసి కట్టారని, నక్షత్రాలు చూసేవాళ్ళకి ఎడమ పక్కన ఉండాలని చెప్పాడు. పెదనాన్న ఆయన్ని పైనుంచి కింది దాకా చూసి, మీరు ఇంట్లోంచి చూస్తే సరిగ్గానే ఉంటుంది, లోపలికి రండి, కాఫీ తాగుదురుగాని అన్నాడు. ఆయన వచ్చాడు. తాగాడు. ఆ డికాక్షన్‌కి ఆయన కనురెప్పలు రెండుసార్లు ఎగిరాయి గాని గ్లాసు కింద పెట్టలేదు. పెద్దమ్మకి అక్కడే ఆయన మీద గౌరవం కుదిరింది. "జనరల్ గారూ, ఇంకొంచెం?" అని తెలుగులోనే అడిగింది. 'గారు' అంటే మన దగ్గర ఏదో ర్యాంకనుకున్నాడాయన. అప్పటి నుంచీ పెదనాన్నని 'డాక్టర్ గారు' అని పిలవడం మొదలుపెట్టాడు, సల్యూట్ చేస్తున్నంత శ్రద్ధగా.

మరుసటి వేసవిలో ఆయన రెండోసారి వచ్చాడు. ఈసారి ముఖం ఇంకా గంభీరంగా ఉంది. మా పెరట్లో కంచె పక్కన ఆకుల మొక్కలు చాలా ఏపుగా పెరిగాయని, తను ఏమీ ఆరోపించడం లేదని, కానీ తన హోదాలో ఉన్నవాడు కంచె అవతల ఏముందో తెలిసి తెలియనట్టు ఉండలేడని నసిగాడు. ఆయన గంజాయి అనుకున్నది మా గోంగూరని. పెదనాన్న నవ్వలేక కుర్చీలో పొర్లుతుంటే, పెద్దమ్మ వేడి అన్నంలో గోంగూర పచ్చడి, నెయ్యి కలిపి పింగాణీ గిన్నెలో పెట్టి ఆయన చేతిలో పెట్టింది. ఆయన తిన్నాడు. చెమటలు పట్టాయి. నిషేధించాల్సిన పదార్థమే అని తేల్చి, ఇంకొంచెం అడిగాడు.

తర్వాత ఏళ్ళలో ఆయన ఉద్యోగాన్ని మేము కంచె మీద నుంచే చూశాం. ఎడారి దేశానికి వెళ్ళి నల్లబడి, చిక్కి వచ్చాడు. రెండో నక్షత్రం వచ్చింది. మళ్ళీ వెళ్ళి వచ్చాడు. మూడోది వచ్చింది. నక్షత్రం పెరిగినప్పుడల్లా లొరేన్ కేకు పట్టుకొచ్చేది. పెదనాన్న కేకు తింటూ ఆ ర్యాంకుల్ని తవ్విపోసేవాడు. సైన్యంలో మేజర్ కంటే లెఫ్టినెంట్ చిన్నవాడు గదా, మరి జనరల్స్ దగ్గరికి వచ్చేసరికి మేజర్ జనరల్ కంటే లెఫ్టినెంట్ జనరల్ పెద్దవాడు ఎలా అయ్యాడని అడిగేవాడు. పెద్దమ్మకి అందులో వింతేమీ కనిపించలేదు. మా అత్తవారింట్లో పెద్దత్తగారి మాట కంటే చిన్నత్తగారి మాటే చెల్లేదిగా అంది. పెదనాన్నకి ఇంకో ఫిర్యాదు కూడా ఉండేది. వైద్యంలో జనరల్ అంటే జలుబుకి మందిచ్చేవాడు, స్పెషలిస్టంటే గొప్పవాడు. సైన్యంలో స్పెషలిస్టంటే గోతులు తవ్వే కుర్రాడు, జనరల్ అంటే గొప్పవాడు. ఈ రెంటిలో ఏదో ఒకటి తప్పయి ఉండాలి, అది నాది కాదు అనేవాడు. జనరల్ నవ్వేవాడు. నవ్వేటప్పుడు కూడా వెన్ను నిటారుగానే ఉండేది.

ఆయన టీవీలో కనిపిస్తే మేమందరం సోఫాలో వరసగా కూర్చుని చూసేవాళ్ళం. కర్ర పట్టుకుని మ్యాపు చూపిస్తూ, పరిస్థితి మెరుగవుతోందని, సవాళ్ళు ఉన్నాయని, కానీ మెరుగవుతోందని చెప్పేవాడు. అన్ని ఏళ్ళూ అదే మాట. పెదనాన్నకి అది బాగా నచ్చేది. ఐసీయూ బయట పేషెంటు బంధువులతో నేను కూడా ఇదే చెప్తాను, కాకపోతే నాకు మ్యాపు ఉండదు అనేవాడు. లొరేన్ మాతో పాటు కూర్చుని జంతికలు తింటూ, టై సరిగ్గా కట్టుకోలేదనో, మళ్ళీ అబద్ధం చెప్పేటప్పుడు చెవి గోక్కుంటున్నాడనో అనేది. ఆవిడ ఆ మాట అన్నాక మేము మ్యాపు చూడటం మానేసి చెవి చూడటం మొదలుపెట్టాం.

అప్పటికి నేను చదువు ముగించి రాలీలో ఉద్యోగం చేస్తూ, శని ఆదివారాలు పెదనాన్న వాళ్ళింటికి వస్తుండేదాన్ని. ఆ ఏడు ఆకులు రాలే కాలంలో జనరల్ పేరు నాలుగో నక్షత్రానికి వెళ్ళింది. దాంతో పాటు యుద్ధం మొత్తాన్ని నడిపించే ఉద్యోగం. వాషింగ్టన్‌లో సెనేటర్ల కమిటీ ముందు కూర్చుని వాళ్ళడిగిన వాటికి జవాబులు చెప్పి రావడం ఒక్కటే మిగిలింది. ప్రయాణానికి ముందు ఆదివారం లొరేన్ చర్చికి వెళ్ళింది. జనరల్ వెళ్ళకుండా ముంగిట్లో ఆకులు ఊడుస్తున్నాడు. నేను వంటింట్లో గారెల పిండి రుబ్బుతుంటే ఆయన మా పెరటి తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. తలుపు తట్టకుండా రావడం అదే మొదటిసారి. ముఖం సున్నం కొట్టినట్టుంది. మెడ మీద చెమట ధార కట్టింది. రాత్రి తిన్న గోంగూర పడలేదని, అసిడిటీకి ఏదైనా మాత్ర ఉంటే ఇమ్మని పెద్దమ్మని అడిగాడు.

"నా పచ్చడి అలాంటిది కాదు" అంది పెద్దమ్మ, కోపంగా. పెదనాన్న పేపరు పడేసి లేచాడు. దవడ నొప్పిగా ఉందా, ఎడమ చెయ్యి లాగుతోందా అని అడుగుతూనే ఆయన్ని కుర్చీలో కూలేసి, ఆస్పిరిన్ నమిలించి, నాడి పట్టుకున్నాడు. ఎంతసేపు పట్టుకున్నాడో నాకు గుర్తు లేదు. పెదనాన్న ముఖంలో వెటకారం పూర్తిగా పోవడం మాత్రం గుర్తుంది. ఆ ఇంట్లో అన్ని ఏళ్ళలో నేను పెదనాన్నని డాక్టరుగా చూడలేదని అప్పుడు అర్థమైంది.

అంబులెన్సు పిలుద్దామంటే జనరల్ ఒప్పుకోలేదు. మా వీధిలో సైరన్ మోగితే తను హాస్పిటల్‌కి చేరేలోపు కబురు వాషింగ్టన్ చేరుతుందన్నాడు. గుండె జబ్బు అన్న మాట బయటికి పొక్కితే ఆ పదవి ఇక లేనట్టే. ముప్పై ఏళ్ళు దాని కోసమే పనిచేశానని, ఇంకో నాలుగు రోజులు ఓపిక పడితే చాలని, కమిటీ అయిపోగానే తనే వచ్చి పరీక్షలు చేయించుకుంటానని ప్రాధేయపడ్డాడు. పెదనాన్న కదలకపోయేసరికి స్వరం మారింది. ఈ సంగతి ఈ గది దాటడానికి వీల్లేదని, ఇది ఆర్డరని అన్నాడు.

పెదనాన్న ఆయన ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. "మీ లెక్కలో స్పెషలిస్టంటే ఎంత చిన్నవాడో నాకు తెలుసు. అయినా విను. నేను డాక్టర్ని, కాబట్టి ఇది ఎవరికీ చెప్పను. నీ పొరుగువాణ్ణి కూడా, కాబట్టి నిన్ను కారెక్కించకుండా వదలను."

"నాలుగు రోజులు, డాక్టర్ గారు."

"నీకు నాలుగు గంటలున్నాయో లేదో నాకు తెలీదు. అమ్మాయ్, కారు తియ్యి."

సైరన్ లేకుండా తీసుకెళ్ళడానికి ఒప్పుకున్నందుకు పెదనాన్న తర్వాత చాలాకాలం తనని తానే తిట్టుకున్నాడు. నా కారు అప్పటికే సగం ప్రాణంతో ఉంది. ఎడమ పక్క అద్దాన్ని టేపుతో అంటించి ఉంచాను. జనరల్ ముందు సీట్లో, పెదనాన్న వెనక నుంచి వంగి ఆయన మణికట్టు పట్టుకుని. లక్షమంది సైనికుల్ని సముద్రాలు దాటించిన మనిషి నేను లేన్ మారినప్పుడల్లా కాలితో లేని బ్రేకు తొక్కాడు. ఒకచోట పసుపు లైటు దగ్గర ఆపబోతుంటే, "పోనివ్వు" అన్నాడు, కళ్ళు మూసుకునే. అప్పుడు తెలిసింది నాకు, ఆయన భయపడ్డాడని.

మేము హాస్పిటల్లో ఉండగా పెద్దమ్మ చీర మార్చుకోకుండా, మడి చీరతోనే నడుచుకుంటూ చర్చికి వెళ్ళింది. జీవితంలో ఆవిడ చర్చిలో అడుగు పెట్టడం అదే మొదలు. పాట మధ్యలో నడవలోంచి ముందు వరస దాకా వెళ్ళి, లొరేన్ చెయ్యి పట్టుకుని లేవదీసింది. తర్వాత పెదనాన్న, ఎవరికీ చెప్పనని నేను మాటిచ్చాను గదా అని కేకలేస్తే, "మీరు డాక్టరు, మీరు ఒట్టేసుకున్నారు. నేనేం డాక్టర్ని కాదుగా" అంది. ఆవిడ ఆ పని చేస్తుందని తెలిసే పెదనాన్న ఆవిడ ముందు అంతా మాట్లాడాడేమోనని నాకు ఇప్పటికీ అనుమానం.

మూడు రక్తనాళాలు మూసుకుపోయాయన్నారు. ఛాతీ తెరిచి ఆపరేషన్ చేశారు. వాషింగ్టన్‌కి ఫోన్ చేసి ఆయన పేరు ఉపసంహరించుకునే పని లొరేన్ ఆయన చేతే చేయించింది. నువ్వు చేస్తావా నేను చెయ్యనా అని ఫోన్ ఆయన గుండెల మీద, కుట్ల పక్కనే పెట్టిందట. ఆ ఉద్యోగం ఇంకొకాయనకి వెళ్ళింది. మన జనరల్ మూడు నక్షత్రాలతోనే రిటైరయి, బ్యాండు మేళంతో సాగనంపబడి, ఒక మంగళవారం పూట ఇంటికొచ్చి పడ్డాడు. మాతో మాట్లాడటం మానేశాడు. లొరేన్ వచ్చేది, జంతికలు తినేది. ఆయన మాత్రం కంచె దగ్గర పెదనాన్న కనిపిస్తే ఆకాశంలోకి చూసేవాడు.

చేతిలో సైన్యం లేని జనరల్ ఎంతకాలం ఊరుకుంటాడు? మా కాలనీ ఇళ్ళ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఎన్నికల్లో ఎవరూ పోటీ చేయలేదు, ఎందుకంటే ఆ పని మతి ఉన్నవాళ్ళు చేయరు. పొద్దున్నే టేపు పట్టుకుని వీధి అంతా తిరిగి గడ్డి ఎత్తు కొలిచేవాడు. చెత్తడబ్బాలు ఏ వేళకి బయట పెట్టాలి, ఏ వేళకి లోపల పెట్టాలి అన్నది యుద్ధ వ్యూహంలా మారింది. మా ఇంటికి వచ్చినన్ని నోటీసులు ఇంకే ఇంటికీ రాలేదు. వాకిట్లో ముగ్గు వేస్తే అనుమతి లేని రంగులన్నాడు. గుమ్మం ముందు చెప్పులు కుప్పగా ఉన్నాయన్నాడు. కరివేపాకు కుండీలు వీధికి కనబడకూడదన్నాడు. పెదనాన్న నోటీసు అందిన రోజునే పెరట్లో కుండీలన్నీ ఒక్కొక్కటే మోసుకొచ్చి వీధి వైపు వరసలో నిలబెట్టాడు. అటెన్షన్‌లో ఉన్నాయి, ఇంకేం కావాలి అన్నాడు. ఇద్దరు ముసలివాళ్ళు, ఒకరు ఇంకొకరి ప్రాణం కాపాడి, దాన్ని క్షమించలేక, క్షమించమని అడగలేక కొట్టుకోవడం నాకు వినోదంగానే ఉండేది. పెద్దమ్మకి మాత్రం కాదు. ఆవిడ పచ్చడి చేసినప్పుడల్లా ఒక గిన్నెడు పక్కన తీసిపెట్టేది. డాక్టర్లు ఆయన్ని ఉప్పు తగ్గించమన్నారని ఉప్పు తగ్గించి కూడా చేసేది.

అలా కొన్నేళ్ళు గడిచాక ఒక సాయంత్రం టీవీలో, జనరల్ బదులు ఆ పదవికి వెళ్ళినాయన తప్పుకుంటున్నట్టు వార్త వచ్చింది. ఆయన కూడా కర్ర పట్టుకుని మ్యాపు చూపించి, ఇంకొక్క ఏడాది, మెరుగవుతోంది అని చెప్తూ వచ్చాడు. చెప్పినన్నాళ్ళూ మా ఊరి స్థావరం నుంచి కుర్రాళ్ళు విమానాలెక్కుతూనే ఉన్నారు, కొందరు జెండా కప్పుకుని తిరిగొస్తూనే ఉన్నారు. వార్త అయిపోయిన కాసేపటికి జనరల్ మా మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో మేము చూడలేదు. పెదనాన్న వెళ్ళి పక్కన కూర్చున్నాడు. నేను కాఫీ తీసుకెళ్ళి ఇచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాను.

కరివేపాకు కుండీల కేసి చూస్తూ జనరల్ అన్నాడు. "నేను వెళ్ళి ఉంటే నేనూ అదే చెప్పేవాడిని. ఇంకొక్క ఏడాది అని. చెప్పాల్సిన మాటలు అప్పటికే బట్టీ పట్టాను."

"నమ్మేవాడివా?"

"ఆకులు ఊడుస్తూ ఆ మాటలే వల్లె వేస్తున్నాను, డాక్టర్ గారు. ఆ వాక్యం దగ్గరే నొప్పి వచ్చింది."

పెదనాన్న గ్లాసులో కాఫీ తాగాడు. గ్లాసులో కాఫీ తాగాడు. తర్వాత, నీ ఒంట్లో ఎదురు చెప్పే ధైర్యమున్నది ఆ గుండెకొక్కదానికే, దాన్నైనా జాగ్రత్తగా చూసుకో అన్నాడు. జనరల్ భుజాలు కదిలాయి. నవ్వాడో ఏడ్చాడో వెనక నుంచి తెలియలేదు. మర్నాడు ఆయన టేపు పట్టుకుని వచ్చి, కుండీల మధ్య దూరం సమానంగా లేదని వాటిని సర్ది వెళ్ళాడు. నోటీసులు ఆగలేదు గాని, వాటి వెంట కేకు కూడా రావడం మొదలైంది.

ఇప్పుడు షార్లట్‌లో నేనుండే వీధిలో పక్కింటి వాళ్ళ పేర్లు నాకు తెలియవు. తలుపు తట్టేవాళ్ళు లేరు. కాలింగ్ బెల్‌లో కెమెరా ఉంది, ఎవరొచ్చినా అందులోనే మాట్లాడి పంపేస్తాం. మా ఇంట్లో పొయ్యి మీద పొగ పీల్చే యంత్రం ఎంత మంచిదంటే పోపు వాసన కంచె దాటదు. ఎవరికీ అభ్యంతరం లేదు, ఎవరికీ ఆకలి కూడా వేయదు. జనరల్స్ ఇప్పటికీ టీవీలో కనిపిస్తూనే ఉన్నారు. వాళ్ళ చెవులు చూడమని చెప్పడానికి పక్కన లొరేన్ లేదు. అప్పట్లో అంతా బాగుండేదని నేను అనను. ఆ జెండా మేము భయపడే కొన్నాం. కానీ దాన్ని తప్పుగా కట్టామని చెప్పడానికి ఒక మనిషి నడిచి వచ్చాడు. ఇప్పుడైతే ఫోటో తీసి కాలనీ గ్రూపులో పెడతారు.

పెదనాన్న ఒక వేసవిలో, పేపరు చదువుతూ, తీర్పు మధ్యలో పోయాడు. ఊరంతా గుండెలు బాగుచేసినాయన తన గుండె మాత్రం ఎవరికీ చూపించుకోలేదు. దహనం రోజున హాలు నిండా తెలుగువాళ్ళు. రాలీ నుంచి, షార్లట్ నుంచి సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు, రిటైరైన డాక్టర్లు, శాంటా క్లారా నుంచి పెదనాన్న వాళ్ళబ్బాయి. మంత్రాలయ్యాక ఆయన్ని పడుకోబెట్టిన పెట్టెని దహనం చేసే గదిలోకి మోసుకెళ్ళాలి. పట్టుకున్న వాళ్ళలో పొడుగువాళ్ళూ పొట్టివాళ్ళూ ఉన్నారు. ఒకరు ముందుకు నడిస్తే ఒకరు పక్కకి నడిచారు. ఆగమని కొందరు, కానివ్వమని కొందరు. పెట్టె ఒక పక్కకి ఒరిగింది. పెద్దమ్మ కళ్ళు మూసుకుంది. వెనక వరసలోంచి జనరల్ లేచాడు. మామూలు నల్ల సూటు వేసుకున్నాడు, ఒక్క పతకం కూడా లేదు. కిందికి జారిపోతున్న ఆ మూల కింద భుజం పెట్టి, అందరినీ ఎత్తు ప్రకారం నిలబెట్టి, గొంతు పెంచకుండా "లెఫ్ట్... లెఫ్ట్..." అనడం మొదలుపెట్టాడు. జన్మలో కవాతు చేయని మావాళ్ళు, పంచెలు కట్టుకుని, చెప్పుల్లేని కాళ్ళతో, ఒక్కటిగా అడుగు వేశారు. పెట్టె నీళ్ళు తొణకని కుండలా కదిలింది.

పెద్దమ్మ కళ్ళు తెరిచి చూసింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా చెవిలో అంది. "మీ పెదనాన్న ఇంకొకళ్ళు చెప్పినట్టు నడవడం ఇదే మొదటిసారే."

ఏమందని లొరేన్ నన్నడిగింది. చెప్పాను. ఆవిడ ఆ నిశ్శబ్దంలో పైకే నవ్వేసింది, ఆ నవ్వు చూసి పెద్దమ్మ కూడా. పెట్టె కింద నుంచి జనరల్ తల తిప్పి మా ముగ్గురి వైపు కోపంగా ఒక చూపు చూసి, అడుగు మాత్రం తప్పకుండా పెదనాన్నని లోపలికి తీసుకెళ్ళాడు.